చర్చి బెంచీలకు నేను పెట్టిన వాతలు

కట్టెను చెవితో కొనే రోజులవి. ఇప్పుడు ఆత్మకూరులో నా ప్లైవుడ్ దుకాణానికి వచ్చేవాళ్లు తలుపు మీద అంటించిన స్టిక్కరు చూస్తారు, సెల్‌ఫోనులో ఫొటో తీసి ఇంటికి పంపుతారు, అక్కడినుంచి రంగు బాగుందని జవాబు వస్తే ఆటో మాట్లాడుకుంటారు. ఒక్కసారైనా వేలితో తట్టి చూసేవాళ్లు లేరు. (తట్టకపోవడమే నాకు మంచిది. ఆ సంగతి ఇక్కడ వద్దు.) నా కుర్రతనంలో మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఇదే ఊళ్లో బద్వేలు రోడ్డు పక్కన టింబర్ డిపో నడిపేవాడు. ఇంటికి దూలం కావాలని మర్రిపాడు వైపు నుంచి ఒక రైతు వచ్చాడంటే తోడుగా ఇంకొకరిని వెంటబెట్టుకునే వచ్చేవాడు. ఒకడు మొద్దుకు ఈ చివర చెవి ఆనించి మోకాళ్ల మీద కూర్చుంటే, రెండోవాడు ఆ చివర గోటితో గీకేవాడు. లోపల తొర్రగానీ పగులుగానీ లేకపోతే గీకిన చప్పుడు ఇవతలికి శుభ్రంగా వినిపిస్తుంది. "వినబడిందా?" అని అవతలివాడు కేకవేసేవాడు. "ఆఁ, బాగా వినబడింది." "గీకిందా, నేను అరిచిందా?" అక్కడ మొదలయ్యేది తగువు. కొందరు కట్టె మీద నీళ్లు చల్లి వాసన చూసేవారు. వేప అయితే చిన్న పేడు విరిచి నమిలేవారు. నమిలిన మనిషి మొహం ఎంత వికారంగా మారితే కట్టె అంత మంచిదని లెక్క. ఇదంతా అయ్యాక కూడా నమ్మకం కుదరక చివరికి మామ మొహంలోకి చూసి, "నువ్వు జెప్పన్నా, బాగుండాదా?" అని అడిగేవారు. మామ ఉందంటే బండికెత్తేవారు, లేదంటే వదిలేసేవారు. కట్టె లోపల ఏముందో కొనేవాడికి కనిపించదు కాబట్టి ఆ వ్యాపారంలో మనిషి మాటే సరుకు.

ఆ మాటకే నేను చెద పట్టించాను. మా మామ గురించి ఆత్మకూరుకూ ఉదయగిరికీ మధ్య ఇప్పటికీ ఒక కథ తిరుగుతోంది, దేవుడి గుడికే మూడో రకం కట్టె అంటగట్టిన మనిషని. బస్సులో విన్నాను, పెళ్లి భోజనాల దగ్గర విన్నాను. మొన్నీమధ్య నా దుకాణంలోనే ఒక పెద్దమనిషి, నేనెవరో తెలియక, నాకే చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు సిగ్గుపడి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మామ ఇచ్చిన కట్టె మేలైనది. దాన్ని మూడో రకం చేసింది నేను.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేక ఊరికే తిరుగుతున్న నన్ను మామ డిపోలో పెట్టుకున్నాడు. నాకు లెక్కలూ రావు, కట్టే తెలియదు. ఏదో ఒకటి నేర్చుకుని రమ్మని మద్రాసులో మామకు తెలిసిన ఒక పెద్ద టింబర్ యార్డుకు పంపాడు. అక్కడికి ఓడల్లో వచ్చిన విదేశీ కట్టెకు ప్రతి పలక చివరా ఒక ముద్ర ఉండేది. ముడి ఎంత పెద్దదుంటే ఏ రకం, పగులు ఎంత పొడవుంటే ఏ రకం, వంపు ఎంతుంటే ఏ రకం అని అన్నిటికీ లెక్క. చెవులు ఆనించడాలు, నమలడాలు లేవు. టేపు పెట్టి కొలవడం, ముద్ర వేయడం, అంతే. నాకు కళ్లు తెరుచుకున్నట్టయింది. తిరిగి వచ్చేటప్పుడు ప్యాంటులోకి టక్ చేసిన చొక్కా, జేబులో స్టీలు టేపు, చేతిలో భూతద్దం. వచ్చిన రోజే ఒక రైతు వేప పేడు నములుతుంటే, "పెద్దాయనా, ఇది సైంటిఫిక్ పద్ధతి కాదు" అన్నాను. ఆయన నమలడం ఆపకుండానే మామవైపు తిరిగి, "ఎవరీ అబ్బాయి? డాక్టరా?" అని అడిగాడు. మామ గర్వంగా, "మా అక్క కొడుకు. మా గ్రేడింగ్ ఆఫీసరు" అన్నాడు. ఆ మాట మా ఊరిదాకా పాకింది. మా ఊరు ఉదయగిరి దగ్గర. అక్కడి చర్చికి సంఘ పెద్దగా ఉన్న ఆయన అప్పుడు కూతురికి సంబంధాలు చూస్తున్నాడు. ఆఫీసరు అనే మాట ఆయన చెవిన పడిందని, మా ఇంటికి కబురు వచ్చిందని మా అమ్మ రాసింది. దాంతో నేను టేపును జేబులోంచి తీసి బెల్టుకు తగిలించుకున్నాను, దూరం నుంచి కూడా కనబడాలని.

ఆ దినాల్లోనే మా చర్చికి బెంచీలు చేయించాలని తీర్మానం అయింది. అంతవరకూ అందరూ చాపల మీదే కూర్చునేవారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, పిల్లలు ఎక్కడ చోటుంటే అక్కడ. కట్టె మామ దగ్గర తీసుకుని, పని ఉదయగిరిలో ఒక మేస్త్రికి ఇచ్చారు. కొయ్య చెంచాలూ గరిటెలూ చెక్కే కుటుంబం ఆయనది. చేతిలో చిన్న కొయ్యమేకు పడినా దానికి నగిషీ చెక్కకుండా వదలడు. మేమంతా భాయ్ అని పిలిచేవాళ్లం. మామ బాగా ముదిరిన వేప మొద్దుల్ని తానే ఏరి, మిల్లులో కోయించి, పలకలన్నీ ఒక పక్కన పేర్పించాడు. "గుడికి బోయేది. నీ పద్ధతి ప్రకారం ఒకసారి చూసి గుర్తులు బెట్టురా. నేర్చుకొన్నట్టూ ఉంటాది" అని నాకు అప్పగించి వేరే పనిమీద నెల్లూరు వెళ్లాడు.

నేను కొలవడం మొదలుపెట్టాను. నేను నేర్చుకున్న లెక్కలు రాసినవాళ్లు మా వైపు వేపచెట్టును ఎన్నడూ చూసి ఉండరని నాకు తట్టలేదు. వేప అంటేనే ముడులు. ఆ లెక్క ప్రకారం మొదటి వరసంతా మూడో రకమే తేలింది. అన్నిటికీ మూడు వేస్తే బాగుండదని కొన్నిటికి రెండు వేశాను. నున్నగా, తెల్లగా, కంటికి ఇంపుగా ఉన్నవాటికి ఒకటి వేశాను. అలాంటి నున్నని పలకలు కొన్ని పక్కన విడిగా పడి ఉంటే అవి కూడా తెచ్చి ఇందులో కలిపాను. (నిజం చెప్పాలంటే భోజనానికి ముందు వేసినవాటిలో మూళ్లు ఎక్కువ, తిని వచ్చాక ఒకట్లు ఎక్కువ.) ఇక గుర్తు దేనితో వేయాలన్నది సమస్య. సుద్దముక్కతో వేస్తే వానకు పోతుంది. రంగు వేస్తే చెయ్యి తగిలి చెరుగుతుంది. డిపో ముందు రోడ్డు మీద మర్రిపాడు మందలు పోతుంటాయి. ఒక ఎద్దు తొడ మీద వాత కనిపించింది. ఎన్నేళ్లయినా చెరగని గుర్తు! వెంటనే కమ్మరి దగ్గరికి వెళ్లి ఒకటి, రెండు, మూడు అంకెలు ఇనుముతో చేయించుకొచ్చి, కొలిమిలో ఎర్రగా కాల్చి, ఒక్కొక్క పలకకూ ఒక్కొక్క వాత పెట్టాను. పలక మందం మీద అంకె పట్టలేదు కాబట్టి వెడల్పు మీద, చివరన పెట్టాను. పొగకు కళ్లు మండుతున్నా నా జీవితంలో అంత తృప్తిగా పనిచేసిన దినం ఇంకొకటి లేదు.

మామ వచ్చి చూశాడు. "గుర్తు బెట్టమంటే వాతలు బెట్టినావేందిరా? గొడ్లనుకొన్నావా?" అన్నాడు. తర్వాత తనే, "సరేలే, చిత్రిక పడితే పోతాది" అని బండికెత్తించాడు.

చిత్రికకు పోయేంత పైపైన నేను ఏ పనీ చేసే రకం కాదు. వాత లోతుగా దిగింది. భాయ్ రెండుసార్లు చిత్రిక పట్టి, అంకె ఇంకా కనబడుతుంటే, ఇది కావాలనే పెట్టించారని అర్థం చేసుకున్నాడు. ఒకే అంకె ఉన్న పలకల్ని ఒకచోట చేర్చి, ఒక్కొక్క బెంచీ వీపు మీద అంకె నడవ వైపుకు వచ్చేట్టు కుదిర్చి, అంకె అంచులు ఉలితో తీర్చి, చుట్టూ చిన్న తీగ చెక్కి, నల్ల లక్క నింపి, మెరుగు పెట్టాడు. ఆదివారం ప్రతిష్ఠ అనగా ముందురోజు శనివారం ట్రాక్టరులో తెచ్చి ఒకటో నంబరువి ముందు, రెండోవి మధ్యలో, మూడోవి వెనక వేసి వెళ్లాడు. మరుసటి దినం చర్చిలో అడుగుపెట్టగానే నా అంకెలు నల్లగా నిగనిగలాడుతూ నన్ను పలకరించాయి. నా కళ్లు చెమర్చాయి.

మామ తెల్లచొక్కా వేసుకుని ఆత్మకూరు నుంచి వచ్చాడు. సంఘ పెద్ద మొదటి వరసలో కూర్చున్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఎడ్లబండ్లు కట్టించి బాడుగకు తిప్పిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ చూపు నా బెల్టుకున్న టేపు మీద పడిందని నేను గమనించి కొంచెం పక్కకు తిరిగాను, బాగా కనబడేట్టు. అంతలో వెనకనుంచి గొంతు లేచింది. చర్చి గంట కొట్టే అవ్వ. గంట తాడు తలుపు దగ్గర కాబట్టి ఎప్పుడూ వెనకే కూర్చుంటుంది.

"ఏందిది నాయనా? నా బెంచీ మీద మూడు ఉండాది, ఆయన బెంచీ మీద ఒకటి ఉండాది?"

అప్పుడు నేను లేచాను. లేవమని నన్నెవరూ అడగలేదు. నడవ మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, ఒకటి అంటే మొదటి రకం, రెండు అంటే మధ్యరకం, మూడు అంటే ముడులూ లోపాలూ ఉన్న రకం అని, ఇది శాస్త్రీయంగా తేల్చిన విషయమని, మా డిపోలో ఏదీ దాచిపెట్టకుండా కట్టె మీదే రాసి ఇస్తామని వివరంగా చెప్పాను. చివరి మాట అనేటప్పుడు చప్పట్లు కొడతారేమోనని కాస్త ఆగాను కూడా.

అవ్వ బెంచీ మీంచి లేచి నిలబడింది. "అయితే నేను మూడో రకమా? ఇన్నేళ్లుగా గంట గొడతా ఉండానే! ఈడ గంట గొట్టకపోతే మీ ఒకటో రకమోళ్లు నిద్ర లేస్తారంటరా?"

"మనుషులకు కాదవ్వా, కట్టెకు" అన్నాను.

"కట్టె మీద కూచునేది మనిషే గదరా!"

ఆ మాటతో మూడో నంబరు బెంచీలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. వాళ్లను చూసి రెండో నంబరువాళ్లు కూడా లేచారు. లేచినవాళ్లంతా ముందుకొచ్చి ఒకటో నంబరు బెంచీల మీద ఇరుక్కున్నారు. "జరుగబ్బా", "యాడికి జరిగేది, గోడ ఉండాది" అని కేకలు. సంఘ పెద్ద ఒళ్లో ఎవరి బిడ్డో వచ్చి కూర్చుంది. చోటు దొరకని మగవాళ్లు నలుగురు వెనక్కి పోయి మూడో నంబరు బెంచీని తిరగేసి తట్టడం మొదలుపెట్టారు. ఒకాయన నేలమీద బోర్లాపడి చెవి ఆనించాడు, ఇంకొకాయన ఆ చివర గీకాడు. "వినబడతా ఉండాది, బానే ఉండాది" అని ఆయన, "వాళ్ల అంకె వాళ్లే వేసినాక ఇంక వినేదేంది" అని ఈయన. పాస్టరయ్యగారు బైబిలు తెరిచి పట్టుకుని, "ప్రార్థన అయినాక గీకండి నాయనా" అని బతిమాలుతున్నాడు. ఎవరో ఆ సందట్లో గట్టిగా అన్నారు. "దేవుడి గుడికి మూడో రకం కట్టె దోలినాడే! ఇంగ మన ఇళ్లకు ఏం దోలినాడో!"

అందరూ మామను చూశారు. మామ నన్ను చూశాడు, తర్వాత ముందు వరసలో ఉన్న సంఘ పెద్దను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. ఒక్క మాట అంటే చాలు, అక్కడికక్కడే తేలిపోయేది. లేచి నిలబడి చేతులు కట్టుకుని మామ అన్న మాట మాత్రం ఇది. "తప్పయింది. పై ఆదివారానికి రెండు, మూడు నంబర్లు ఉండేటివన్నీ మార్చి ఇస్తా."

ఆ పూట బెంచీలు గోడకు జరిపి, పాత చాపలు పరిచి ఆరాధన జరిపారు. మామ వెనక చాప మీద, గంట అవ్వ పక్కన కూర్చున్నాడు. నేను నా గ్రేడింగు నిజమని తేలిందన్న సంతోషంలో ఉన్నాను. అవును, సంతోషంలోనే. యార్డులో చెప్పింది చెప్పినట్టు మా ఊళ్లో రుజువైందని అనుకున్నాను.

మామ అన్నట్టే మార్చి ఇచ్చాడు. మార్చడమే ఆయన కొంప ముంచింది. తప్పు లేకపోతే ఎందుకు మారుస్తాడని లోకం తేల్చేసింది. డిపోకు వచ్చినవాళ్లు, "అన్నా, దేవుడికిచ్చినట్టుగాదు, మాకు కాస్త మంచిది ఇయ్యి" అనేవారు. మామ నవ్వేవాడు. మా అత్త లోపలికి పోయి గిన్నెలు గట్టిగా పెట్టేది. ఇంటి వాకిలి కట్టె కోసం ఆత్మకూరు దాటి వింజమూరు పోయేవాళ్లను నా కళ్లతో చూశాను. మామ మొహంలోకి చూసి "నువ్వు జెప్పన్నా" అని అడిగేవాళ్లు తగ్గిపోయారు. తిరిగొచ్చిన మూడో నంబరు బెంచీలలో ఒకదాన్ని మిల్లులో కోయమని మామ ఒకసారి నాతో అన్నాడు. రంపం పళ్లు అరిగాయిగానీ పలక తొందరగా తెగలేదు. లోపల చేవ ఎర్రగా, రాయిలా ఉంది. ముడులు మేకులు దిగినట్టు బిగుసుకుని ఉన్నాయి. ఆ ముడుల వల్లే ఆ కట్టెకు బలం. ఆ కోత అయ్యాక నేను మొదటిసారి బెల్టుకున్న టేపు తీసి జేబులో పెట్టుకున్నాను. ఇంకొన్నాళ్లకు చర్చిలో ఒకటో నంబరు బెంచీ ఒకటి పురుగు తొలిచి, పాట మధ్యలో, సంఘ పెద్దతో సహా కూలింది. ఆయన తెల్ల పంచె నిండా పిండి. అది నేను నున్నగా ఉందని తెచ్చి కలిపిన పలకల్లోది. చేవ పట్టని తెల్లచెక్క. పెట్టెలు కొట్టడానికి మామ విడిగా తీసిపెట్టింది. "మళ్లీ ఆయన కట్టెనే చూడు" అన్నారు జనం. అప్పటికి సంఘ పెద్ద నాకు పిల్లనిచ్చిన మామగారు. నేను ఆయన పంచె దులిపాను, నోరు విప్పలేదు.

ఇన్నేళ్లూ విప్పలేదు. మొన్న ఆ పెద్దమనిషి నా దుకాణంలో కథ చెప్పి పోయాక షట్టరు దించి నేరుగా మామ ఇంటికి వెళ్లాను. మామకిప్పుడు చెవులు సరిగా వినబడవు, గట్టిగా చెప్పాలి. "మామా, ఆ బెంచీల సంగతి రాసేస్తాను. నంబర్లు నేను తప్పు వేసినానని అందరికీ చెప్పేస్తాను" అని అరిచాను. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు.

"నువ్వు తప్పు వేసినావని ఎవురికి తెలీదురా? వాతలు బెట్టిన పొద్దే నాకు తెలుసు" అన్నాడు మామ తాపీగా.

"మరి ఆ దినం చర్చిలో ఎందుకు చెప్పలా? ఒక్క మాట అనుంటే నీ పేరు నిలబడుండేది గదా!"

మామ నన్ను ఒక మొద్దును చూసినట్టు పైనుంచి కిందకు చూశాడు. "పిల్లనిచ్చేటోడు ముందర కూచోనుండాడు. మా మేనల్లుడికి కట్టె తెలీదు, ఉత్త టేపు మాత్రమే ఉండాదని చెప్పమంటావా? కట్టె కావాలంటే ఇంకోటి కోస్తాం. సంబంధం పోతే యాడ కోసుకొచ్చేది?" అన్నాడు. తర్వాత ఇంట్లోకి తిరిగి, "కాఫీ తేమ్మే" అని అత్తను కేకేశాడు, మాట అక్కడితో అయిపోయినట్టు.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె చేటలో కందిపప్పు ఏరుతూ తలెత్తలేదు.

"నాయనకు ఆ పొద్దే తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"బండ్లు గట్టించిన మనిషికి వేపకట్టె తెలీదా? ఇంటికొచ్చి అమ్మతో చెప్పినాడు, నేను తలుపు పక్కన నిలబడి విన్యా. పిల్లోడికి ఏమీ తెలీదు, కానీ అంతమందిలో వాడికోసం తన పేరు పోగొట్టుకొన్న మేనమామ ఉండాడు, అట్టాంటి ఇంట్లో పిల్ల సుఖపడతాది అన్యాడు."

"మరి ఆయనన్నా నలుగురిలో చెప్పకూడదా, మా మామ తప్పు లేదని?"

"మీ మామ కప్పి పెట్టిందాన్ని నేను విప్పితే ఆయన చేసిందానికి విలువేముండాది అనేటోడు." ఒక రాయి ఏరి పారేసి, నావైపు చూసింది. "ఇప్పుడైనా మీరు విప్పండి. రాయండి. మీ మామ ఉండంగానే రాయండి."

అందుకని రాశాను. బస్సులో ఈ కథ ఎవరైనా మొదలుపెడితే దయచేసి సరిచేయండి. మామ ఏరి ఇచ్చిన కట్టె ఒకటే రకం, మంచి రకం. నంబర్లు మాత్రం డిగ్రీ చదివిన ఒక కుర్రాడివి. టక్ చేసిన చొక్కాతో, బెల్టుకు టేపుతో, నడవ మధ్యలో నిలబడి చప్పట్ల కోసం ఆగిన ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే నాకు కోపం రాదు. భుజం మీద చెయ్యి వేసి, ఒరే, ఇంక చాల్లే, కూర్చోరా అనాలనిపిస్తుంది. వాడు కూర్చోడని తెలుసు. ముందు బెంచీ మీద నంబరు ఎంతో చూస్తాడు.